నాలుగో ప్యాడ్‌లో అక్క గొంతు

రత్న చనిపోయిన మూడో నెలలో, అరకులోయకు ఎదురుగా కట్టిన ఒక రిసార్టులో, వంటింటి వెనక గిన్నెలు తోముతున్న సుక్రి తన పెద్దకూతురి పాట విన్నది.

‘రావే గుంటా కొండ మీదికి, సోళ్ల కంకులు వొంగినాయి.’

పాట సుక్రిదే. పోడు చేలో రాగుల కోతలప్పుడు తనకు తానుగా కట్టుకున్నది. పాట ఒక్కటే అయితే ఎవరో నేర్చుకుని పాడుతున్నారులే అనుకునేది. కాని ‘రావే’ అన్నచోట గొంతు కాస్త జీరపోయి, మళ్లీ నిలబడి పైకి లేవడం రత్న ఒక్కదానికే ఉంది. సుక్రి సబ్బు నురగ చేతులతోనే లేచి, పచ్చిక మీద వేసిన మంట దగ్గరికి నడిచింది. టూరిస్టులు ఒకరి నడుం ఒకరు పట్టుకుని ధింసా ఆడుతున్నారు. కొందరు ఊగుతున్నారు, కొందరు సెల్‌ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. సుక్రి ఒక్కొక్క మొహమే చూసుకుంటూ మంట చుట్టూ తిరిగింది. వేదిక మీద ఆడమనిషి లేదు. రత్న పాడిన ఆర్కెస్ట్రా యజమాని దుర్గాప్రసాద్ ఒక్కడే కీబోర్డు ముందు నిలబడి, చిటికెనవేలంత మీట ఒకటి నొక్కాడు. రత్న పిలిచింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ పిలిచింది.

ఇంటికొచ్చి సుక్రి చిన్నకూతురు కృపావతితో ఒకటే మాట అన్నది.

“మీ అక్కని ఆడు పెట్టిలో ఎట్టీసినాడే.”

కృపావతికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పొయ్యి ముందు కూర్చుని నిప్పు ఎగదోస్తూ ఉండిపోయింది.

వాళ్లది పనసగరువు. బొర్రాకు పైన, తారురోడ్డు మలుపు దగ్గర దిగి కాలిబాటన కొండెక్కి వెళ్లాలి. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓకు చెట్లు, వాటి నీడన కాఫీ మొక్కలు, ఇంకా పైన పోడు చేలు. ఊళ్లో రేకుల చర్చి ఒకటి, అందులో విశాఖపట్నం వాళ్లెవరో ఇచ్చిన పాత కీబోర్డు. అక్కాచెల్లెళ్లిద్దరూ చిన్నప్పుడు దాని చుట్టూనే పెరిగారు. రత్నకు మీటల మీద ఓపిక లేదు, పాడేది. కృపావతి వాయించేది. పాడలేక కాదు, నలుగురి ముందు నోరు పెగిలేది కాదు. అక్క గొంతెత్తితే వెనకనుంచి కింది గొంతు మాత్రం కలిపేది. రత్న వెనక్కి తిరిగి చూడకుండానే, చెల్లెలు ఎక్కడుందో తెలిసినట్టు పాడుకుంటూ పోయేది.

దుర్గాప్రసాద్‌ది ఎస్.కోట. తండ్రి కాలంలో అరకు వచ్చారు. తండ్రి కిరాణా కొట్టు నడిపితే కొడుకు సౌండు షాపు పెట్టాడు. రిసార్టులు పెరిగాక ఆర్కెస్ట్రా కట్టాడు. మొదట్లో తుడుము కొట్టే ధర్మ, సన్నాయి ఊదే ముసలి బుధు, కోరస్ పాడే ఆడపిల్లలు ఇద్దరు, రత్న, తను. పెద్దగా పేరు లేకపోయినా వాళ్ల పాట కలిసి ఉండేది. తర్వాత అరేంజర్ కీబోర్డు కొన్నాడు. ఎడమచేత్తో ఒక కార్డు, అంటే రెండు మూడు మీటలు కలిపి, పట్టుకుంటే చాలు, డ్రమ్సు, బేసు, గిటారు అన్నీ అదే వాయించుకుపోతుంది. కార్డు మారిస్తే బ్యాండంతా దాని వెంట మారుతుంది. బుధు సన్నాయిని గుడ్డలో చుట్టుకుని ఇంటికెళ్లిపోయాడు. ధర్మ తుడుము ఇంట్లో వదిలేసి, వైర్లు లాగే పనిలోకి దిగాడు. ఆ తర్వాత హార్మొనైజర్ అనే పెట్టె వచ్చింది. మైకులో ఒక్కడు పాడితే, కీబోర్డు మీద పట్టిన కార్డును బట్టి ఆ గొంతులోంచే పైన ఒకటి, కింద ఒకటి గొంతులు పుట్టించి కలుపుతుంది. పాడేవాడి శ్రుతి కాస్త జారితే లాగి సరైన చోట నిలబెడుతుంది. కోరస్ పిల్లలకు పని పోయింది. రత్న మాత్రం మిగిలింది. ఆ పెట్టె పుట్టించే ఆడగొంతు వింటే టూరిస్టులు నవ్వేవాళ్లు మరి.

అప్పుడు ఒకరోజు దుర్గాప్రసాద్ షాపు తలుపులు మూసి, ఫ్యాను ఆపి, రత్నను మైకు ముందు కూర్చోబెట్టి అమ్మ కట్టిన పాట పాడించి రికార్డు చేశాడు. “రిహార్సల్‌కి పనికొస్తాదిలే” అన్నాడు. రత్న సంతోషంగానే పాడింది.

ఆ వర్షాకాలంలోనే బొర్రా దగ్గర ఒక ప్రోగ్రాం. రత్న జ్వరంతోనే వెళ్లి పాడింది. సాయంత్రం తిరిగి వస్తుంటే కుండపోత. వ్యాను పైన స్పీకర్లకు కప్పిన టార్పాలిన్ గాలికి చిరిగిపోయింది. స్పీకర్లు లోపలికి ఎక్కించాలి, లోపల చోటు లేదు. మలుపు దగ్గర దుర్గాప్రసాద్ వ్యాను ఆపించి, “మీ ఊరి దారి ఇదే గదే, బేగి దిగిపో, నడుసుకుంటే ఎంతసేపు” అన్నాడు. రత్న దిగింది. కొండమీదికి పోయే బాట నిండా ఎర్రనీళ్లు పారుతున్నాయి. ఆమె వేళ్లూ మోకాళ్లూ ఊతంగా పాక్కుంటూ ఇల్లు చేరింది. నెమ్ము చేసింది. డోలీ కట్టి కిందికి దించి ఆసుపత్రికి చేర్చినా వారం తిరగకుండానే పోయింది.

పోయేముందు చెల్లెలితో చెప్పింది, అందులో ఫిర్యాదు కూడా లేదు.

“నాకు సోటు నేదన్నాడే. స్పీకరుని నా సీట్లో కూకోబెట్టి బెల్టు కూడా కట్టినాడు దానికి.”

నవ్వబోయింది. దగ్గు వచ్చింది.

పాతిపెట్టిన రోజు దుర్గాప్రసాద్ రాలేదు. ఆ రోజు ఆయనకు ప్రోగ్రాం ఉంది.

అమ్మ చెప్పిన మాట విన్న మర్నాడే కృపావతి అరకు బస్సెక్కింది. షాపులో దుర్గాప్రసాద్ సోల్డరింగ్ చేసుకుంటున్నాడు. ఆమెను చూసి గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

“రత్న సెల్లివి గదూ. పాపం, మంచి గుంట. ఏటి పనిమీద వొచ్చినావు?”

“పని కోసమే సారు. సర్చిలో వాయిస్తాను.”

“పాడతావా?”

“పాడను. వాయిస్తాను.”

ఆయన కీబోర్డు మీద గుడ్డ తీశాడు. కృపావతి ఎడమచేత్తో కార్డు పట్టి, కుడిచేత్తో పాత భక్తిపాట ఒకటి వాయించింది. ఆయన ముఖం వెలిగింది. ఎన్నాళ్లనుంచో ఆయనకు ఒక కోరిక ఉంది. కీబోర్డు వెనక ఇరుక్కుని కాకుండా, చెవికి మైకు తగిలించుకుని వేదికంతా తిరుగుతూ పాడాలని. ఈ గుంట వాయిస్తే తను తిరగొచ్చు. అప్పటికప్పుడే పనిలో పెట్టుకున్నాడు.

ఆయన నేర్పడంలో లోటు చేయలేదు. ఏ స్టైల్, అంటే ఏ తాళం, ఎక్కడ వాడాలో, పాట మధ్యలో ఖాళీ నింపే ఫిల్లు ఎలా వేయాలో, ముగింపు మీట ఎప్పుడు నొక్కాలో ఓపికగా చూపించాడు. హార్మొనైజర్‌ను ఆమె స్టాండు పక్కనే పెట్టి, “నా గొంతు నీ సేతిలో ఎడతన్నాను, జాగ్రత్త” అని నవ్వాడు. ఆఖర్న కీబోర్డు మీద వరసగా ఉన్న ప్యాడ్లు చూపించాడు.

“ఇది తుడుము. ఇది సప్పట్లు. ఇది గాలి. ఈ నాలుగోది మీ అక్క. పాట డల్లయితే ఇది నొక్కు. జనం లేసి ఆడతారు.”

చిన్న తెర మీద రత్న అని పేరు కూడా పెట్టి ఉంది.

అమ్మ పనిచేసే రిసార్టులోనే జరిగిన మొదటి ప్రోగ్రాంలో ఆయన సైగ చేసినప్పుడు కృపావతి వేలు ప్యాడ్ మీద ఆగిపోయింది. ఆయన మళ్లీ సైగ చేశాడు. నొక్కింది. పెద్ద పెద్ద స్పీకర్లలోంచి అక్క ‘రావే గుంటా’ అన్నది. ఆమె నోట కింది గొంతు దానంతటదే లేవబోయింది. పళ్లు బిగించి మింగేసింది. వంటింటి వైపు చూస్తే గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.

“ఆ పని మానీ అమ్మా” అని కృపావతి ఆ వారమే చెప్పింది. “కాఫీ పళ్లు ఏరుకుందాం. నీకిది ఎందుకు?” సుక్రి మానలేదు.

ఆ గొంతును మొదటి వారంలోనే చెరిపేసి ఉండవచ్చు. తెర మీద రెండు మీటలు నొక్కితే పోతుంది. కాని ఆయన మెళ్లో తాడుకు వేలాడే పెన్‌డ్రైవులో ఇంకొకటి ఉంది, మళ్లీ ఎక్కించుకుంటాడు. అదొక్కటే కాదు. చెరిపేయడం కృపావతికి చాలలేదు. రాత్రుళ్లు నిద్ర పట్టనప్పుడు ఆమె కళ్లముందు రత్న మొహం కంటే ఎక్కువగా బెల్టు కట్టుకుని సీట్లో కూర్చున్న స్పీకరు కనబడేది. ఆదివారం చర్చిలో పాస్టరు పగ మంచిది కాదని చెబుతుంటే ఆమె తలవంచుకుని వినేది. విన్నాక పగ అలాగే ఉండేది.

ఒక మధ్యాహ్నం షాపులో టీ తాగుతూ ఆమె అడిగింది.

“సారు, ఆ బొర్రా ప్రోగ్రాం రోజు అక్కని ఎక్కడ దింపినారు?”

“ఏ రోజు?”

“వాన రోజు. జ్వరంతో ఉన్నాది.”

ఆయన నిజంగానే ఆలోచించాడు. కళ్లు చిట్లించి, పైకి చూసి, గ్లాసులో టీ చల్లారేదాకా ఆలోచించాడు. “బొర్రాలో చానా ప్రోగ్రాములు సేసినాం గదే. ఏ వాన?” అన్నాడు. తర్వాత, ఆమె బాధపడుతోందనుకుని కాబోలు, మెత్తగా అన్నాడు. “మీ అక్క పోనాదని నువ్వు అనుకోకు. దాని గొంతు నా కాడ ఉన్నాది. రోజూ ఇంతమంది వింటన్నారు. బతికుంటే ఇంత పేరు వొచ్చీదా?”

కృపావతి గ్లాసు కడిగి బల్ల మీద పెట్టింది. ఆయన అబద్ధమాడి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేదేమో. ఆయనకు గుర్తే లేదు. గుర్తు ఉండేటట్టు చేయాలని ఆ క్షణాన నిశ్చయించుకుంది.

ఎలా చేయాలో ఆయన నేర్పిన పనే చూపించింది. ఒకరోజు రిహార్సల్ మధ్యలో కరెంటు ఊగి హార్మొనైజర్ ఒక్కటే ఆగి మళ్లీ వెలిగింది. ఆ కాసేపట్లో దుర్గాప్రసాద్ అసలు గొంతు బయటపడింది. శ్రుతి పట్టులేని, ఊపిరి చాలని గొంతు. ఆయన వెంటనే పాట ఆపి ధర్మ మీద విరుచుకుపడ్డాడు. ఇంకోసారి కృపావతి వేలు పొరపాటున ట్రాన్స్‌పోజ్ మీటకు తగిలింది. బ్యాండంతా అరస్వరం పైకి లేచింది. పాటగాడైతే రెండు మాటల్లో దాన్ని పట్టుకునేవాడు. ఆయన పాత శ్రుతికీ కొత్త శ్రుతికీ నడుమ తడుముకుంటూ తిరిగాడు. శ్రుతి సరిచేసే పెట్టె ఆయన గొంతును ఒకసారి పైకీ ఒకసారి కిందికీ లాగింది. అది మనిషి గొంతులా లేదు. “మిషను వేడెక్కింది” అన్నాడాయన. కృపావతి “అవును సారు” అన్నది. ఆ మీట ఎక్కడుందో చూడకుండానే వేలు పోయేటట్టు ఆ రోజునుంచి అలవాటు చేసుకుంది.

చలికాలం వచ్చింది. లోయలో వలిసె పూలు పచ్చగా విచ్చుకున్నాయి. టూరిస్టుల కార్లు ఘాటురోడ్డు పొడవునా ఆగిపోతున్నాయి. ఆ ఏడాది లోయలోని మూడు రిసార్టులవాళ్లు కలిసి కాఫీ పండుగని ఒక సాయంత్రం చేయాలనుకున్నారు. వాళ్ల తరఫున చూసుకునే మేనేజరు హరీష్ షాపుకొచ్చి, ఆ సాయంత్రం బాగా జరిగితే సీజనంతా మూడు చోట్లా మీరే అని చెప్పి వెళ్లాడు. దుర్గాప్రసాద్ కొత్త కోటు కుట్టించుకున్నాడు. ‘వన్ మ్యాన్ ఆర్కెస్ట్రా’ అని తన బొమ్మతో బ్యానరు కట్టించాడు. వేదికకు రెండు పక్కలా పెద్ద తెరలు పెట్టించాడు.

ఆ మధ్యాహ్నం సౌండ్ చెక్ అయ్యాక ఆయన తలకు రంగు వేయించుకోడానికి వెళ్తూ, పెన్‌డ్రైవు మెళ్లోంచి తీసి కృపావతికి ఇచ్చాడు. “కొత్త స్టైళ్లు ఇందులో ఉన్నాయి. ఎక్కించీ.”

కృపావతి హెడ్‌ఫోన్సు పెట్టుకుంది. నాలుగో ప్యాడ్ నొక్కింది. రోజూ స్పీకర్లలో వినేటప్పుడు తెలియనిది అప్పుడు తెలిసింది. ‘రావే’ అనేముందు రత్న గాలి పీల్చుకున్న చప్పుడు ఉంది. కృపావతి ఆ చిన్న చప్పుడునే చాలాసార్లు విన్నది. ఉంచుకుందామా అనిపించింది. ఉంచితే ఏదో ఒకనాటికి మళ్లీ ఆయన చేతికి పోతుందనిపించింది. ప్యాడ్‌లోది చెరిపింది. పెన్‌డ్రైవులోది వెతికి అదీ చెరిపింది. తెర మీద రత్న పేరున్న చోట ఖాళీ మిగిలింది. హెడ్‌ఫోన్సు తీసేసరికి ధర్మ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

“ఏటి సేత్తన్నావు కృపా?”

“అక్కని తీసీసినాను.”

ధర్మకు రత్న సంగతి తెలుసు. బొర్రా రోజు అతను రాలేదు, వచ్చి ఉంటే దిగనిచ్చేవాణ్ని కాదని చాలాసార్లు అన్నాడు. ఇప్పుడు మాత్రం భయంగా చూశాడు. “ఈ రోజు ఏటీ సెయ్యకు. మా ఇంట్లో పొయ్యి దీనిమీదే వెలుగుతాది” అన్నాడు. ఆమె వైర్లు సర్దుతున్నట్టు అటు తిరిగింది.

సాయంత్రానికి సుక్రి పనిచేసే రిసార్టు మైదానం నిండిపోయింది. ముందు వరసల్లో రిసార్టు యజమానులు, పక్కన హరీష్, వెనక టూరిస్టులు, ఇంకా వెనక సంతకు వచ్చి ఆగిపోయిన కొండ ఊళ్ల జనం. వంటింటి మెట్ల మీద సుక్రి కూర్చుని ఉంది. దుర్గాప్రసాద్ కోటు సర్దుకుంటూ వచ్చాడు. మొదటి పాటలో ఆయన ఒక్క గొంతు మూడు గొంతులై లోయమీద పరుచుకుంది. జనం చప్పట్లు కొట్టారు. కృపావతి ఒక్క కార్డు కూడా తప్పలేదు. రెండో పాటా అంతే. ఆయన పైకి తేలినకొద్దీ మంచిదని ఆమెకు తెలుసు.

మూడో పాట రెండో చరణంలో ఆమె ట్రాన్స్‌పోజ్ మీట నొక్కింది.

బ్యాండు పైకి లేచింది. కోరస్ గొంతులు దానితో లేచాయి. దుర్గాప్రసాద్ కిందే ఉండిపోయాడు. పెట్టె ఆయన్ని ఒక వైపుకు లాగింది, ఆయన ఇంకో వైపుకు లాక్కున్నాడు. స్పీకర్లలోంచి మేక గొంతులా వచ్చింది. ముందు వరసలో ఒకరు తల ఎత్తారు. ఆయన చేయి ఆడించి, నవ్వి, తడుముకుంటూ పైకి ఎక్కాడు. ఎక్కాడో లేదో కృపావతి బ్యాండును కిందికి దింపింది. ఇప్పుడాయన ఒక్కడే పైన మిగిలాడు. టూరిస్టుల్లో కుర్రాళ్లు నవ్వారు. ఆయన వెనక్కి నడిచి, మైకుకు చేయి అడ్డం పెట్టి, పళ్ల మధ్యనుంచి అన్నాడు.

“ఏటే ఇది. సరిగ్గా వాయించు.”

“వాయిస్తన్నాను సారు.”

మళ్లీ ముందుకెళ్లాడు. మళ్లీ మార్చింది. ఈసారి ఆయన ఏ మాటా పట్టుకోలేకపోయాడు. పెద్ద తెరల మీద ఆయన మొహం చెమటతో మెరుస్తోంది, తలరంగు చెంప మీదికి కారుతోంది. అప్పుడు కృపావతి హార్మొనైజర్ ఆపేసింది. ఆ వెంటనే బ్యాండునూ ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో ఆయన అసలు గొంతు ఒక్కటే రెండు మాటలు పాడి, తనను తాను విని, ఆగిపోయింది.

నవ్వు వెనకనుంచి ముందుకు వచ్చింది. యజమానుల్లో ఒకాయన హరీష్ చెవిలో ఏదో అన్నాడు.

“నాలుగోది. నాలుగోది నొక్కే” అన్నాడు దుర్గాప్రసాద్. మైకు తెరిచే ఉంది, ఆ మాట అందరికీ వినబడింది.

కృపావతి చేతులు మీటల మీదనుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆయన పరుగెత్తుకొచ్చి తనే ప్యాడ్ నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాడు. వంగి తెర చూశాడు. వేలితో టకటకా కొడుతూనే ఉన్నాడు, ఆ టకటకలు స్పీకర్లలో వినబడుతున్నాయి.

కృపావతి పక్కనున్న మైకును దగ్గరికి లాక్కుంది. నలుగురి ముందు పెగలని ఆమె నోరు అప్పుడు పెగిలింది.

“ఆయన ఎతుకుతన్నది మా అక్క గొంతు. రత్న దాని పేరు. సచ్చిపోనాది. జ్వరంతో ఉన్న మనిషిని వానలో రోడ్డు మీద దింపీసి, దాని సీట్లో స్పీకరు పెట్టి తెచ్చుకున్నాడు ఈయన. సచ్చిపోనాక దాని గొంతుతో మిమ్మల్ని ఆడిస్తన్నాడు. ఈ రోజు నాను దాన్ని తీసీసినాను. ఇక రాదు.”

నవ్వు ఆగింది. మైకును ఉన్న చోటే పెట్టి ఆమె వేదిక దిగింది. వెనక దుర్గాప్రసాద్ “మిషను పాడైంది, పది నిమిషాలు” అంటున్నాడు. కొండ ఊళ్లవాళ్లు లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. కృపావతి ఒంట్లో ఎన్నాళ్లనుంచో బిగిసి ఉన్నదేదో వదిలింది. సంతోషమే అది. సంతోషం కాదని ఆమె తర్వాత కూడా ఎప్పుడూ అనుకోలేదు.

ఎవరెవరో తీసిన వీడియోలు మర్నాటికి విశాఖపట్నం దాకా పోయాయి. మూడు రిసార్టులవాళ్లూ వేరే మనుషుల్ని చూసుకున్నారు. అడ్వాన్సు ఇచ్చిన పెళ్లివాళ్లు వెనక్కి అడిగారు. షాపు ముందు కుర్రాళ్లు ఆగి మేకలా అరిచి పోయేవాళ్లు. ధర్మ పనసగరువు వచ్చి గుమ్మంలోనే నిలబడి అడిగాడు. “నీ కసి తీరింది. నాను రేపట్నుంచి ఏటి సెయ్యాలి?” కృపావతి కూర్చోమన్నది. అతను కూర్చోకుండా వెళ్లిపోయాడు. తర్వాత టైడాలో ఒక టూరిస్టు బసలో తోటపనికి కుదిరాడని విన్నది. దారిలో ఎదురుపడితే పలకరించేవాడు కాదు.

కొన్నాళ్లకు దుర్గాప్రసాదే వచ్చాడు. బండి మలుపు దగ్గర వదిలేసి కొండెక్కి వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. తలలో రంగు వెలిసిపోయింది. సుక్రి గుమ్మం ముందు కాఫీ గింజలు ఎండబోస్తోంది. కృపావతి లేచి నిలబడింది గాని లోపలికి రమ్మనలేదు. ఆయన అరుగు మీద కూలబడి చాలాసేపు ఆయాసం తీర్చుకున్నాడు. తర్వాత జేబులోంచి గోరంత మెమరీ కార్డు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

“ఆ రోజు షాపులో తీసిందంతా ఇందులో ఉన్నాది. పాట మొత్తం. పాట అయిపోనాక రత్న నవ్వింది, ఏదో అన్నాది, అదీ ఉన్నాది. మీకిచ్చేస్తాను. నువ్వు ఒక్కసారి హరీష్‌గారి కాడికొచ్చి, మిషను పాడైందని, కోపంలో ఏదో అనేసినానని సెప్పు. అంతే.”

సుక్రి గింజలు నెరపడం ఆపింది.

కృపావతి కళ్లు ఆ కార్డు మీదే ఉన్నాయి. గాలి పీల్చుకున్న ఆ చిన్న చప్పుడు చెవిలో మెదిలింది. కార్డు మీదనుంచి చూపు తిప్పుకుని అన్నది. “ముందు మా అమ్మకి సెప్పు. ఆ రోజు దాన్ని ఎందుకు దింపీసినావో.”

ఆయన ఈసారి ‘ఏ రోజు’ అనలేదు. నేల చూస్తూ చెప్పాడు. “వాన పడతన్నాదమ్మా. టార్పాలిన్ సిరిగిపోనాది. స్పీకర్లు కొత్తవి. తడుస్తాయని.”

సుక్రి ఆయన వైపు తిరిగింది.

“తడిసినాయా బాబూ?”

“నేదమ్మా.”

“మంచిదే” అని ఆమె మళ్లీ గింజలు నెరపసాగింది.

దుర్గాప్రసాద్ రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. కృపావతి చూస్తూ నిలబడింది. ఆమెకు జాలి కలగలేదు. జాలి కలుగుతుందేమోనని తనలో తాను వెతుక్కుంది కూడా. లేదు.

“మిషను బాగానే ఉన్నాది సారు” అన్నది. “నానే సేసినాను. ఎవులడిగినా అదే సెప్తాను.”

ఆయన లేచి, కార్డు జేబులో పెట్టుకుని, కాఫీ చెట్ల మధ్య బాటన కిందికి దిగిపోయాడు. ఆయన తల కనబడకుండా పోయాక సుక్రి నెమ్మదిగా అన్నది.

“నువ్వు మానీమన్నా నాను ఆ గిన్నెల పని మాననేదు. ఎందుకనుకున్నావు? దాని గొంతు వినబడతాదనే.”

కృపావతికి అమ్మ గుమ్మంలో నిలబడిన సాయంత్రాలన్నీ ఒక్కసారి ఇంకోలా తోచాయి. “ముందే సెప్పొద్దా అమ్మా” అంటూనే బాట వైపు రెండడుగులు వేసింది. పరుగెత్తితే మలుపు దగ్గర అందుకోవచ్చు.

“ఎల్లకు” అన్నది సుక్రి. “ఆడు మనల్ని బతిమాలుకోడానికి ఇంత కొండెక్కినాడు. నువ్వెల్లి ఆడిని బతిమాలుతే నాను సూడనేను.”

కృపావతి ఆగింది. కిందనుంచి బండి స్టార్టయిన చప్పుడు వచ్చి, మలుపు తిరిగి, వినబడకుండా పోయింది. ఆమె వచ్చి అమ్మ పక్కన కూర్చుని గింజల్లో పుచ్చులు ఏరసాగింది.

ఎండలు ముదిరే వేళకు దుర్గాప్రసాద్ షాపు ఖాళీ చేసి ఎస్.కోట వెళ్లిపోయాడు. ఒక ఆదివారం చర్చి బయట పాస్టరు కృపావతిని పక్కకు పిలిచి, పాపం ఆ మనిషి చితికిపోయాడట, ఇప్పటికైనా క్షమించావా అమ్మా అని అడిగాడు.

“నేదయ్యగారూ” అన్నది కృపావతి. ఆయన ఇంకేమైనా అడుగుతాడేమోనని కాసేపు నిలబడింది. అడగలేదు. లోపల జనం కూర్చుంటున్నారు. ఆమె చెప్పులు విప్పి లోపలికి వెళ్లింది.